నాన్నగారు సగంలో వదిలేసిన స్పిట్‌ఫైర్ కిట్: అతుకుల నుంచి ఆఖరి పూత దాకా

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ నాన్నగారు చిన్నప్పుడు మొదలుపెట్టి వదిలేసిన 1/72 స్కేల్ స్పిట్‌ఫైర్ మార్క్ 9 (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానంలో తొమ్మిదో రకం) ప్లాస్టిక్ మోడల్ కిట్ ఇప్పుడు మీ చేతికి వచ్చింది. విమానం బాడీ రెండు సగాలూ ఆయనే అతికించేశారు, దాని మీద ఆకుపచ్చ ఎనామిల్ ముద్దగా పూసి ఉంది. ఎడమ రెక్క పై ముక్క, కింది ముక్క అతికించి ఉన్నాయి కానీ రెక్క ఇంకా బాడీకి ఎక్కలేదు. డెకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తులు) పసుపెక్కాయి, కనోపీ (పైలట్ మీద ఉండే పారదర్శక కప్పు) మీద గీతలు పడ్డాయి. ఎడమ రెక్క అడుగున జిగురు అంటిన వేలితో పట్టుకున్నట్టు ఆయన బొటనవేలి ముద్ర ప్లాస్టిక్‌లోకి దిగిపోయి ఉంది. దీన్ని పాడు చేయకుండా ఎలా పూర్తి చేయాలి, ఏ రంగులు వేయాలి, ఎయిర్‌బ్రష్ (రంగును సన్నగా స్ప్రే చేసే పనిముట్టు) కొనాల్సిందేనా అని అడిగారు.

రంగుల గురించి ఎక్కువ అడిగారు గానీ, పాత కిట్‌లో పెయింటింగ్ మొదలయ్యేది రంగు డబ్బా మూత తీసినప్పుడు కాదు, అతుకుల దగ్గర. రంగు ఏ లోపాన్నీ దాచదు, ఉన్నదాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. అందుకే ఈ జవాబులో సగానికి పైగా పెయింట్ కంటే ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

దేన్నీ కదిలించక ముందు ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీయండి. డెకాల్ షీట్‌ను 600 డీపీఐలో స్కాన్ చేసి పెట్టుకోండి. అసలు డెకాల్స్ నీళ్లలో విడిపోతే మళ్లీ ప్రింట్ చేసుకోవడానికి ఆ స్కానే ఆధారం. రెక్కల లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన అంకెలు లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూసి వాటినీ ఫొటో తీయండి, ఆ భాగం మూసేశాక ఇక కనబడదు. తర్వాత ముక్కలన్నీ స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి తీయకుండానే గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి, మెత్తని బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి ముక్క తేలిగ్గా ఊడి రావడానికి వాడిన జిడ్డు పాత కిట్‌ల మీద ఇంకా ఉంటుంది. ఎన్నో ఏళ్ల దుమ్ము దానికి తోడు. దాని మీద వేసిన రంగు మాస్కింగ్ టేప్ లాగేటప్పుడు టేప్‌తో పాటే ఊడొస్తుంది.

ఇక ఆ ముద్ద ఆకుపచ్చ రంగు. దాని మీదే కొత్త రంగు వేయడం నేనైతే ఒప్పుకోను, ఉన్న కొద్దిపాటి వివరాలు కూడా పూడిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ యాక్రిలిక్ రంగులకు బాగా పనిచేస్తుంది కానీ ఏళ్ల తరబడి ఆరిన ఎనామిల్ దానికి లొంగడం అరుదు. ఓవెన్ శుభ్రం చేసే కాస్టిక్ స్ప్రే వాడండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, కిటికీలు తెరిచి పెట్టండి. ముందు స్ప్రూ ముక్క మీద ప్రయత్నించి ప్లాస్టిక్‌కు ఏమీ కాలేదని తేలాకే బాడీ మీద కొట్టండి. జిప్ సంచిలో పెట్టి కొన్ని గంటలు వదిలేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతూ కడిగితే చాలా వరకు వచ్చేస్తుంది. మూలల్లో మిగిలినదాన్ని లోహపు పనిముట్టుతో గీకకండి, ఇంకోసారి స్ప్రే చేయండి. కనోపీని మాత్రం ఈ పనికి దూరంగా పెట్టండి.

రంగు పోయాక బాడీ అతుకు అసలు రూపం బయటపడుతుంది. మీరు నిర్ణయం తీసుకోవాల్సింది అప్పుడే. రెండు సగాలూ కాస్త ఎగుడుదిగుడుగా అతుక్కుని ఉంటే విడదీయాలా వద్దా? 1/72 అంటే మోడల్ మీద ఒక మిల్లీమీటర్ అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటర్ తేడా వస్తే అసలు విమానంలో అది 36 మిల్లీమీటర్ల మెట్టు. అంతకంటే తక్కువ ఉంటే విడదీయకండి, శాండ్ పేపర్‌తో సరిచేయవచ్చు, మీ నాన్నగారు వేసిన అతుకు అలాగే నిలుస్తుంది. అంతకంటే ఎక్కువైతే బాడీని సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పాత ట్యూబ్ జిగురు సరిగ్గా పట్టని చోట చలికి పెళుసెక్కుతుంది. పలుచని బ్లేడును అతుకులోకి దించి మెల్లగా నడిపిస్తే విడివడే అవకాశం ఉంది. జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి నిజంగా ఏకం చేసిన చోట మాత్రం విడిపోదు. అక్కడ బలం ఉపయోగిస్తే ముక్క విరుగుతుంది కాబట్టి ఆపేయండి.

బాడీ మూసేసి ఉంది కదా, కాక్‌పిట్ ఎలా అని కూడా రాశారు. రెక్కలు ఇంకా ఎక్కలేదు కాబట్టి మీకు దారి ఉంది. బాడీ అడుగున రెక్క కూర్చునే చోట పెద్ద ఖాళీ ఉంటుంది, సీటునూ నేలనూ అందులోంచి పైకి ఎక్కించవచ్చు. పాత కిట్‌లలో కాక్‌పిట్ అంటే ఒక సీటు, ఒక పైలట్ బొమ్మ, అంతే. ఆ పైలట్‌ను కూర్చోబెట్టండి. మూసిన కనోపీ లోపల ఖాళీ సీటు కంటే మనిషి ఉంటేనే కళ్లకు నిండుగా ఉంటుంది, కిట్ ఉద్దేశం కూడా అదే. లోపల బూడిద కలిసిన లేత ఆకుపచ్చ వేయండి, హంబ్రోల్ కంపెనీ రంగుల్లో 78వ నంబరు అదే. సీటు బెల్టు పెట్టాలనిపిస్తే మాస్కింగ్ టేప్‌ను 0.7 మిల్లీమీటర్ల పేలికగా కోయండి, ఈ స్కేల్‌లో అది రెండంగుళాల పట్టీకి సమానం.

రెక్కల్ని జిగురు లేకుండా పదిసార్లయినా పెట్టి చూడండి. మార్క్ 9కు ఒక రెక్క కొన నుంచి ఇంకో రెక్క కొన దాకా 11.23 మీటర్లు, అంటే మోడల్ మీద 156 మిల్లీమీటర్లు రావాలి. కొలత కంటే ముఖ్యం రెక్క పైకి లేచే కోణం. స్పిట్‌ఫైర్‌కు అది 6 డిగ్రీలు. అట్ట ముక్క మీద ఆ కోణం గీసి రెండు వైపులా కోసి, మోడల్‌ను అందులో కూర్చోబెట్టి జిగురు ఆరనివ్వండి. ఒక రెక్క ఐదు, ఇంకోటి ఏడు డిగ్రీలు ఉంటే ఎంత మంచి పెయింట్ వేసినా ముందు నుంచి చూసిన ప్రతివాళ్లకూ ఏదో తేడాగా అనిపిస్తూనే ఉంటుంది. తోక రెక్కలు కూడా నిలువు ఫిన్‌కు సరిగ్గా లంబంగా ఉన్నాయో లేదో వెనక నుంచి చూడండి.

కుడి రెక్క ఇంకా అతికించలేదు కాబట్టి ఒక సౌకర్యం ఉంది. పాత కిట్‌ల రెక్కలకు వెనక అంచు చాలా మందం. పై ముక్క, కింది ముక్క లోపలి వైపు వెనక అంచుల్ని 400 నంబరు శాండ్ పేపర్ మీద రుద్ది పలచన చేసి అప్పుడు అతికించండి. ఎడమ రెక్కకు ఆ అవకాశం లేదు కాబట్టి పై వైపు నుంచి కొంచెం కొంచెంగా అరగదీసి రెండూ ఒకేలా కనిపించేలా చేయండి. బాడీ గానీ రెక్క గానీ వంకర తిరిగి ఉంటే వేడినీళ్లలో కాసేపు ఉంచి చేత్తో సరిచేసి చల్లనీళ్లలో ముంచవచ్చు. మరుగుతున్న నీళ్లు వద్దు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, అప్పుడు ఏ ఆకారమైనా వచ్చేస్తుంది.

సందులు పూడ్చడం దగ్గర నేను తిన్న దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పాత కిట్‌కు రెక్క, బాడీ కలిసే చోట సందులో పుట్టీ ఒకేసారి దట్టంగా నింపాను. సాయంత్రానికల్లా శాండ్ చేశాను, అద్దంలా వచ్చింది. మర్నాడే రంగు వేశాను. రెండు వారాలు గడిచాక షెల్ఫ్ మీద నుంచి తీసి చూస్తే ఆ సందు పొడవునా సన్నని గాడి తేలి ఉంది, లోపలి పుట్టీ ఆరుతూ కుంచించుకుపోయింది. రంగంతా అయ్యాక కనబడింది కాబట్టి మళ్లీ గీకే ధైర్యం రాలేదు, ఇప్పటికీ ఆ గాడి అలాగే ఉంది. అప్పటి నుంచి పుట్టీని పలుచని పొరలుగా, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు విడిచి వేస్తున్నాను. సందు మిల్లీమీటర్ దాటితే పుట్టీ అసలు వద్దు, ముందు పలుచని ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చి మిగిలినదే పుట్టీతో నింపండి. ఇంకో మంచి దారి ఏమిటంటే, ఆ కిట్ స్ప్రూనే చిన్న ముక్కలుగా కోసి లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచని జిగురు) సీసాలో కరగబెట్టుకోవడం. ఆరాక అది కూడా అదే ప్లాస్టిక్ కాబట్టి శాండ్ పేపర్ కింద చుట్టుపక్కల భాగంతో సమంగా అరుగుతుంది. కానీ ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

శాండింగ్ నీళ్లతో తడిపి చేయండి. 400తో మొదలుపెట్టి 600, 800, చివరికి 1000. దుమ్ము లేవదు, పేపర్ కూడా త్వరగా నిండిపోదు.

రివెట్ల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. పాత కిట్‌ల మీద ఉబ్బెత్తు రివెట్లు (రేకుల్ని బిగించే మేకుల తలలు), ఉబ్బెత్తు ప్యానెల్ గీతలు (రేకులు కలిసే చోట్లు) ఉంటాయి. 0.3 మిల్లీమీటర్ల రివెట్ బొడిపె అసలు విమానం మీద రెండు సెంటీమీటర్లు దాటిన బోల్ట్ తల అవుతుంది. నిజానికి స్పిట్‌ఫైర్ రెక్క ముందు అంచు దగ్గర గాలి జారిపోవాలని రివెట్లను రేకుతో సమంగా దించారు. లెక్క ప్రకారం అన్నీ గీకేసి ప్యానెల్ గీతలు కొత్తగా చెక్కుకోవాలి. చాలామంది అదే చెబుతారు. నా అభిప్రాయం వేరు. ఇది ఆ కాలం కిట్, ఆ కాలం వాళ్ల చేతి పని దాని మీద ఉంది. 800 పేపర్‌తో తేలిగ్గా రుద్ది రివెట్ల ఎత్తు సగానికి తగ్గించండి. రంగు వేశాక అవి వెలుగు పక్క నుంచి పడినప్పుడు మాత్రమే కనిపిస్తాయి. గీతలు చెక్కడం మొదటి మోడల్‌కు వద్దు, ఒక్కసారి సూది జారితే దాన్ని పూడ్చడానికి రెండు సాయంత్రాలు పోతాయి.

ఆ బొటనవేలి ముద్రను ఉంచమనే చెబుతాను. అది రెక్క అడుగున ఉంది, నిలబెట్టిన మోడల్‌లో కనబడదు. పుట్టీ పెట్టకండి, ఆ చోట శాండ్ చేయకండి, ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత), రంగు రెండూ అక్కడ పలుచగా వేయండి. రంగు ఎండాక కూడా వేలి గీతలు తెలుస్తాయి.

ఇక ప్రైమర్. లేత బూడిద రంగు ప్రైమర్ ఒక పలుచని పూత వేసి దీపం పక్కకు పెట్టి చూడండి. ప్లాస్టిక్ మీద కనబడని గీతలు, సన్న సందులు అన్నీ అప్పుడు బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్లీ ప్రైమర్ వేయండి. నాకు ఇప్పటికీ కనీసం మూడుసార్లు పడుతుంది.

రంగుల విషయానికి వస్తే, మార్క్ 9 స్పిట్‌ఫైర్ 1942 జులైలో 64వ స్క్వాడ్రన్‌తో యుద్ధంలోకి దిగింది. జర్మనీ కొత్త ఫైటర్ ఫోక్ వుల్ఫ్ 190 ముందు మార్క్ 5 వెనకబడిపోవడంతో, మార్క్ 5 బాడీకే రెండు దశల సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే యంత్రం) ఉన్న మెర్లిన్ 61 ఇంజిన్ బిగించి హడావుడిగా తెచ్చారు. నాలుగు బ్లేడ్ల ప్రొపెల్లర్, రెక్కల కింద రెండు వైపులా ఒకే సైజు రేడియేటర్లు దీని గుర్తులు. మీ కిట్‌లో ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. అప్పటికి బ్రిటిష్ ఫైటర్లకు 1941 ఆగస్టులో వచ్చిన రంగుల పద్ధతి నడుస్తోంది. పైన ఓషన్ గ్రే, డార్క్ గ్రీన్ మచ్చలు, కింద మీడియం సీ గ్రే. ముక్కు మీది స్పిన్నర్‌కూ (ప్రొపెల్లర్ మధ్యలోని మొనదేలిన మూత), తోకకు ముందు బాడీ చుట్టూ ఉండే పట్టీకీ స్కై అనే లేత ఆకుపచ్చ. రెక్కల బయటి భాగం ముందు అంచుకు పసుపు. టామియా కంపెనీ రంగుల్లో ఎక్స్‌ఎఫ్ 81, 82, 83 వరుసగా ఆ డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే, మీడియం సీ గ్రే రంగులే. స్కైకి ఎక్స్‌ఎఫ్ 21. మట్టిరంగు, ఆకుపచ్చ కలిసిన పాత పద్ధతి 1940 నాటి బ్రిటన్ యుద్ధపు స్పిట్‌ఫైర్లది, యూరప్‌లో ఎగిరిన మార్క్ 9కు నప్పదు.

లేత రంగు నుంచి ముదురుకు వెళ్లండి. పసుపు కింద తెలుపు పడితేనే వెలుగు వస్తుంది, నేరుగా బూడిద ప్రైమర్ మీద వేస్తే పేలవంగా ఉంటుంది. తెలుపు, పసుపు, స్కై అయ్యాక వాటిని టేప్‌తో మూసి అడుగు బూడిద, తర్వాత పైన ఓషన్ గ్రే, చివర్లో ఆకుపచ్చ. స్కై పట్టీ అసలు వెడల్పు 18 అంగుళాలు, మోడల్ మీద సరిగ్గా పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ దాడి నాటి గీతలు వేయాలనుకున్నా కొలత అదే. మూడు తెలుపు, రెండు నలుపు, ఒక్కోటి 18 అంగుళాలు. అయితే అప్పట్లో వాటిని దాడికి ముందు రోజుల్లో మైదానంలోనే బ్రష్షులతో హడావుడిగా పూశారు. అంచులు కాస్త అటూ ఇటూ పోయినా అసలుకు దగ్గరగానే ఉంటుంది, కాబట్టి వాటి గురించి టెన్షన్ పడకండి.

ఎయిర్‌బ్రష్ కొనాల్సిందేనా అంటే, ఈ ఒక్క మోడల్ కోసమైతే అక్కర్లేదు. చేతి బ్రష్‌తో ఎంతో అందమైన మోడళ్లు తయారయ్యాయి, మీ నాన్నగారి కాలంలో చాలామంది చేసింది అదే. వెడల్పాటి మెత్తని బ్రష్, బాగా పలుచన చేసిన రంగు, ఒక పూత అడ్డంగా వేస్తే మరో పూత నిలువుగా. మొదటి పూతలో ప్లాస్టిక్ కనబడుతుంది, కనబడాలి కూడా. దాన్ని కప్పేయాలని అక్కడికక్కడే మళ్లీ బ్రష్ తిప్పితే కింది పొర లేచిపోతుంది. ఎనామిల్‌కు పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాలి. మూడో పూతకు నిండుగా వస్తుంది. ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 పీఎస్ఐ దగ్గర ఒత్తిడి సరిపోతుంది. రంగు చిక్కదనానికి నేను చూసే గుర్తు ఒకటే. కప్పు గోడకు ఒక చుక్క తగిలిస్తే పాలలా కిందికి జారి, వెనక పలుచని పొర వదలాలి. నీళ్లలా జారిపోతే థిన్నర్ ఎక్కువ, అక్కడే నిలబడితే తక్కువ. ఎనామిల్ మీద లాకర్ (ఘాటైన థిన్నర్‌తో త్వరగా ఆరే రంగు) పూత మాత్రం ఎప్పుడూ వేయకండి, ముడతలు లేస్తాయి. ఎందులో పని చేసినా గాలి ఆడే చోట మాస్క్ పెట్టుకుని చేయండి.

రెండు రంగుల మచ్చల మధ్య అంచు ఎంత మెత్తగా ఉండాలి అన్నది పెద్ద చర్చ. అసలు విమానం మీద అంచు ఒక అంగుళం మేర చెదిరిందనుకుందాం, అది మోడల్ మీద 0.35 మిల్లీమీటర్లు. అంటే దాదాపు పదునైన అంచే. చేతి బ్రష్‌తో వచ్చే అంచు ఈ స్కేల్‌కు సరిపోతుంది. ఎయిర్‌బ్రష్ అయితే గోడకు కాగితాలు అంటించే మెత్తని పుట్టీని సన్నని తాడులా చేసి మచ్చల అంచుల మీద పెట్టి స్ప్రే చేయండి.

డెకాల్స్ కోసం ముందు అంతా గ్లాస్ వార్నిష్, అంటే నిగనిగలాడే పారదర్శక పూత కొట్టాలి. మ్యాట్ (మెరుపు లేని) ఉపరితలం గరుకుగా ఉంటుంది, డెకాల్ కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. మీ షీటు పసుపు పోవడానికి దాన్ని పారదర్శక సంచిలో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించి కొన్ని వారాలు ఉంచండి. చాలా మటుకు తెల్లబడుతుంది. పాత డెకాల్స్ నీళ్లలో వేయగానే పది ముక్కలవడం మామూలే. మీకు అవసరం లేని ఒక చిన్న గుర్తును ముందు నీళ్లలో వేసి చూడండి. అది చిట్లితే షీటు మొత్తానికి క్లియర్ లాకర్ పలుచగా కొట్టి ఆరనిచ్చి, ఒక్కో గుర్తునూ అంచుకు దగ్గరగా విడిగా కోసుకుని వాడండి, ఎందుకంటే ఇప్పుడు షీటంతా ఒకే పొర అయిపోయింది. ఉబ్బెత్తు రివెట్ల మీద డెకాల్ కూర్చోవడానికి డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సోల్ లాంటి ద్రవం రాయాలి. రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడి పాడైపోయినట్టు కనిపిస్తుంది. ముట్టుకోకండి. అరగంటలో తనంతట తానే సాగి రివెట్ల మీదికి అతుక్కుపోతుంది. ఆ ముడతలు చూసి కంగారుగా వేలితో సరిచేయబోతే చిరిగిపోతుంది.

పాతబడినట్టు చూపించే పని కొంచెమే చేయండి, చేసేది సరైన చోట చేయండి. స్పిట్‌ఫైర్ చుక్కానికి, తోక రెక్కల కదిలే భాగాలకు పైన ఉన్నది గుడ్డ. అక్కడ రంగు ఊడి వెండి కనిపించడం జరగదు. ప్రొపెల్లర్ కూడా అంతే, మార్క్ 9కు రోటోల్ కంపెనీ చేసిన బ్లేడ్లు ఒత్తి గట్టిపరిచిన చెక్కతో చేసినవి, చివర నాలుగు అంగుళాల పసుపు. మోడల్ మీద అది 1.4 మిల్లీమీటర్లు. వెండి గీతలు పెట్టాల్సింది ఎడమ రెక్క మొదట్లో, ఎందుకంటే పైలట్ ఎక్కే తలుపు ఆ వైపే ఉంది. సన్నని స్పాంజి ముక్కను వెండి రంగులో అద్ది, కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, అక్కడ రెండు మూడుసార్లు తాకించండి చాలు. ఎగ్జాస్ట్ మసి గోధుమ కలిసిన బూడిద రంగులో గాలి పోయే దిశలో పలుచగా. కొన్ని పాత కిట్ బొమ్మల్లో యాంటెన్నా కడ్డీ నుంచి ఫిన్ దాకా తీగ గీసి ఉంటుంది. అది మొదటి మార్క్‌ల హెచ్‌ఎఫ్ రేడియోకు సంబంధించినది. తర్వాత వీహెచ్‌ఎఫ్ రేడియో వచ్చాక ఆ తీగ లేదు కాబట్టి మీరు పెట్టకండి.

కనోపీ పని అంతా పక్కన పెట్టి నింపాదిగా చేయండి. 2000, తర్వాత 4000 పేపర్‌తో తడిపి గీతలు పోయేదాకా రుద్దండి, మొదట పాలపొరలా మసకబారుతుంది, భయపడకండి. పాలిషింగ్ పేస్టుతో మెత్తని గుడ్డ మీద రుద్దాక స్పష్టత తిరిగి వస్తుంది. తర్వాత నిగనిగలాడే పారదర్శక యాక్రిలిక్ వార్నిష్‌లో ముంచి, అంచున మిగిలిన చుక్కను టిష్యూతో పీల్చి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఒక రోజు ఆరనివ్వండి. అతికించడానికి తెల్ల జిగురే వాడండి, సూపర్ గ్లూ ఆవిరి లోపల తెల్లని పొగలా పట్టేస్తుంది, కనోపీ అతికించాక దాన్ని తుడవడానికి దారి ఉండదు. కనోపీ అద్దాల భాగాల్ని మాస్కింగ్ టేప్ ముక్కలతో మూసి, ఫ్రేమ్‌ల మీద ముందు కాక్‌పిట్ ఆకుపచ్చ, దాని మీద బయటి రంగు వేయండి. లోపలి నుంచి చూసినప్పుడు సరైన రంగు కనిపిస్తుంది.

చివరగా మోడల్ అంతటికీ మ్యాట్ వార్నిష్ కొట్టాక కనోపీ మీది ఆ టేప్ ముక్కల్ని ఒక రోజు ఆగి తీయండి. గట్టిగా ఉంటే టేప్ అంచు మీద కొత్త బ్లేడ్‌ను బరువు పెట్టకుండా ఒక్కసారి నడిపి, చెక్క టూత్‌పిక్‌తో మూల లేపి, పైకి కాకుండా వెనక్కి మడుస్తూ లాగండి.

బాడీ రంగు పోయాక అతుకు ఎలా ఉందో ఫొటో పెట్టండి. విడదీయాలా వద్దా అన్నది చూసి చెబుతాను, అప్పటి దాకా బ్లేడ్ పట్టకండి.